స్కైరిమ్: తెలిసిన లోకంలోకి తెలియనివాడిగా వెళ్లడం

పాలకొల్లు పక్కన ఉన్న మా ఊళ్లో దాళ్వా కోతలు ముగిసి, కాలువలు కట్టేసే రోజులు వచ్చాయంటే నాకు కొంత తీరిక దొరుకుతుంది. ఆ తీరికలో నేను ఏటా తిరిగి వెళ్లే ఆట ఒకటి ఉంది. 2011 నవంబరు 11న విడుదలైన 'ద ఎల్డర్ స్క్రోల్స్ 5: స్కైరిమ్' అది. బెథెస్డా గేమ్ స్టూడియోస్ సంస్థ టాడ్ హోవర్డ్ దర్శకత్వంలో తయారుచేసిన ఈ రోల్ ప్లేయింగ్ గేమ్‌లో మంచుకొండల నడుమ ఒక ఉత్తరాది రాజ్యం, అందులో తొమ్మిది పరగణాలు, ఆ పరగణాలను రెండుగా చీల్చిన అంతర్యుద్ధం, ఎన్నో యుగాల తరువాత మళ్లీ ఆకాశంలో కనిపించిన డ్రాగన్లు ఉంటాయి. ఇప్పుడు వెనక్కి తిరిగి చూసుకుంటే, నేను ఇంత ఎక్కువగా తిరిగి ఆడిన ఆట మరొకటి లేదు. అది పాతబడకుండా ఎలా ఉందని, లేదా పాతబడిన ప్రతిసారీ దాన్ని మళ్లీ ఎలా కొత్తగా చేసుకున్నానని కొందరు మిత్రులు అడుగుతూ ఉంటారు కాబట్టి, ఆ సంగతి కాస్త వివరంగా రాయాలనిపించింది.

ముందుగా ఆట ఎందుకు పాతబడుతుందో చెప్పాలి. చాలామంది అనుకునేదేమిటంటే, చూడవలసినవన్నీ చూసేశాం కాబట్టి ఆట అయిపోయిందని. స్కైరిమ్ విషయంలో అది నిజం కాదు. ఎన్ని ఏళ్లు ఆడినా అడుగుపెట్టని గుహ, చదవని పుస్తకం, పలకరించని మనిషి మిగిలే ఉంటారు. అసలు అడ్డు మనకున్న జ్ఞానం. ఏ పెట్టెలో ఏముందో, ఏ మలుపు దగ్గర దొంగలు కాచుకుని ఉంటారో, ఏ మాటకు ఏ జవాబు చెబితే ఎక్కువ లాభమో మనకు ముందే తెలుసు. కొత్త క్యారెక్టర్‌ను సృష్టించి, పేరు మార్చి, ముఖం మార్చి, లోపల మాత్రం అదే సర్వజ్ఞుణ్ని కూర్చోబెడతాం. వాడు మొదటి గంటలోనే తనకు బాగా తెలిసిన దారిలో, తనకు బాగా తెలిసిన కత్తి కోసం బయలుదేరతాడు.

ఈ సంగతి నాకు స్పష్టంగా కనిపించింది ఒక సంక్రాంతి సెలవుల్లో, మా చిన్నాన్నగారి అబ్బాయి మొదటిసారి ఈ ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చూసినప్పుడు. రివర్‌వుడ్ గ్రామంలో దుకాణం నడిపే లూకాన్ వలేరియస్ ఇంట్లో బంగారు పంజా ఒకటి దొంగతనం అవుతుంది. దాని కోసం కొండ మీద ఉన్న బ్లీక్ ఫాల్స్ బారో అనే పాత సమాధి లోపలికి వెళ్లాలి. లోపల సాలెగూటిలో చిక్కుకున్న దొంగ దగ్గర ఆ పంజా దొరుకుతుంది. ఇంకా లోపలికి పోతే మూడు గుండ్రటి వలయాలున్న ఒక రాతి తలుపు అడ్డు వస్తుంది. మా తమ్ముడు ఆ వలయాలను అటు తిప్పి, ఇటు తిప్పి, వెనక్కి వెళ్లి గదులన్నీ వెతికి, మళ్లీ వచ్చి నిలబడ్డాడు.

"అన్నయ్యా, దీని తాళంచెవి ఎక్కడో వదిలేసి వచ్చినట్టున్నాను."

"నీ దగ్గర ఉన్నవన్నీ ఒకసారి సరిగ్గా చూసుకో" అన్నాను. అంతకుమించి చెప్పలేదు.

వాడు దొంగ రాసుకున్న డైరీ తీసి మళ్లీ చదివాడు. తరువాత తన సామాను జాబితా తెరిచి, ఆ పంజాను తెర మీద పెద్దదిగా చేసి, నెమ్మదిగా తిప్పాడు. అరచేతి వైపు వచ్చేసరికి అక్కడ మూడు గుర్తులు చెక్కి ఉన్నాయి: పైన ఎలుగుబంటి, మధ్యలో చిమ్మట, కింద గుడ్లగూబ. "అరె, ఇందాకటి నుంచి నా చేతిలోనే ఉంది కదా అన్నయ్యా!" అంటూ వలయాలు సరిచేసి పంజాను పెట్టాడు. ఆ తలుపు గరగరమంటూ నేలలోకి దిగిపోతుంటే వాడి ముఖంలో కనిపించిన ఆనందం నాకు బాగా గుర్తుంది. ఆ తలుపు దగ్గర నేను పంజాను తిప్పి చూసి ఎన్నో ఏళ్లు అయింది. ఎలుగుబంటి, చిమ్మట, గుడ్లగూబ అని నా వేళ్లే తిప్పేస్తాయి. వాడు చూసినదీ నేను చూసినదీ ఒకే తలుపు. వాడికి ఉన్నదీ నాకు లేనిదీ తెలియకపోవడం ఒక్కటే.

తెలిసినదాన్ని మరచిపోవడం ఎవరికీ సాధ్యం కాదు. అయితే, నాకు తెలిసినది నా క్యారెక్టర్‌కు తెలియదని ఒప్పుకుని, అతనికి తెలిసినంత మేరకే నడిపించడం సాధ్యమే. ఆటను కొత్తగా ఉంచుకోవడానికి నేను పాటించే పద్ధతులన్నీ ఈ ఒక్క ఒప్పందం నుంచే వచ్చాయి.

ఎక్కువమంది చెప్పే సలహాలు రెండు ఉన్నాయి, అవి నాకు పెద్దగా పనిచేయలేదు. కష్టం స్థాయిని పెంచుకోమనడం మొదటిది. అన్నిటికన్నా పైస్థాయి అయిన లెజెండరీలో మనం కొట్టే దెబ్బ నాలుగో వంతుకు తగ్గుతుంది, మనకు తగిలే దెబ్బ మూడింతలు అవుతుంది. దానివల్ల శత్రువు తెలివైనవాడు కాడు. అదే పని చేస్తూ, ఎక్కువసేపు బతికి ఉంటాడు, అంతే. రెండోది, 2013లో వచ్చిన 1.9 అప్‌డేట్ తరువాత 100కు చేరిన నైపుణ్యాన్ని తిరిగి 15కు దించి మొదటినుంచి పెంచుకునే సౌకర్యం. అది ఒకే క్యారెక్టర్‌తో ఎంతకాలమైనా ఆడాలనుకునేవారికి ఉపయోగపడుతుంది. కానీ కమ్మరి కొలిమి దగ్గర కూర్చుని మళ్లీ అవే బాకులు కొట్టడంలో కొత్తదనం నాకు ఎన్నడూ కనబడలేదు.

మా వైపు తీర్థాల్లో పద్యనాటకాలు చూసినవారికి నేను చెప్పబోయేది సులువుగా అర్థమవుతుంది. కథ అందరికీ తెలుసు, పద్యాలు సగం మందికి కంఠతా వచ్చు. అయినా తెల్లవార్లూ కూర్చుంటారు. ఈసారి ఆ వేషం ఎవరు కట్టారు, ఆ పద్యాన్ని ఏ రాగంలో ఎత్తుకున్నాడు, ఎక్కడ ఆపాడు అన్నదాని కోసమే ఆ జాగరణ అంతా. స్కైరిమ్ కూడా కథ మారని నాటకమే. వేషం కట్టేది మనమే కాబట్టి, ఆ వేషం ఎవరిదన్నది ఎంత శ్రద్ధగా నిర్ణయించుకుంటే రాత్రి అంత బాగా సాగుతుంది.

ఆటలో 10 జాతులు, 18 నైపుణ్యాలు ఉన్నాయి. చాలామంది కొత్త క్యారెక్టర్ అనగానే వీటి లెక్క వేసుకుంటారు: ఈసారి మంత్రాలు, ఈసారి గొడ్డలి, ఈసారి డాలు. ఆ లెక్క కొద్దిరోజులు నడిచి, చివరికి అందరూ ఒకే చోటికి చేరతారు. నక్కి నక్కి, చీకట్లోంచి బాణం వేసే విలుకాడిగా మారిపోతారు. దాగి ఉండి వేసిన బాణానికి మామూలుగానే రెండింతల దెబ్బ ఉంటుంది, ఒక పెర్క్ (లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే అదనపు సామర్థ్యం) తీసుకుంటే మూడింతలు అవుతుంది; ఇంత లాభం ఉన్నప్పుడు ఏ యోధుడైనా, ఏ మాంత్రికుడైనా మెల్లగా విల్లు వైపు జారడం సహజం. నైపుణ్యాల నుంచి మొదలుపెడితే ఇలా జరగక మానదు. అందుకే నేను మనిషి నుంచి మొదలుపెడతాను. అతను ఎక్కడివాడు, ఏం పని చేసి బతికాడు, దేనికి భయపడతాడు, ఏ పని చచ్చినా చెయ్యడు అన్నవి ముందు తేల్చుకుంటాను. ఏ నైపుణ్యం పెరగాలన్నది ఆ జవాబులే చెబుతాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన క్యారెక్టర్ సంగతి చెబితే ఈ మాట స్పష్టమవుతుంది. స్కైరిమ్ తూర్పు భాగాన విండ్‌హెల్మ్ అనే నగరం ఉంది; తిరుగుబాటు నాయకుడు ఉల్‌ఫ్రిక్ స్టార్మ్‌క్లోక్ రాజధాని అది. దాని కోటగోడల బయట, నది ఒడ్డున ఓడరేవు ఉంటుంది. ఆ రేవులో మూటలు మోసేవారు ఆర్గోనియన్లు, అంటే బల్లిరూపం గల, చిత్తడి నేలల నుంచి వచ్చిన జాతివారు. వాళ్లకు నగరం లోపల ఉండే అనుమతి లేదు. అందరూ కలిసి రేవు పక్కనే ఒక బసలో ఉంటారు. వాళ్లచేత పనిచేయించుకునే టోర్బ్‌యార్న్ షాటర్‌షీల్డ్ అనే వర్తకుడు మిగతావారికి ఇచ్చే కూలికన్నా చాలా తక్కువ ఇస్తాడు. స్కైరిమ్ స్థానికులైన నార్డ్ జాతి వీరుడిగా ఆడిన రోజుల్లో నేను ఆ రేవు మీదుగా ఎన్నోసార్లు వెళ్లాను. అక్కడివారు చెప్పే మాటలు విని, పని చేసిపెట్టి, నాణేలు తీసుకుని వచ్చేశాను. తరువాత ఒక వేసవిలో, నేనే ఒక ఆర్గోనియన్‌గా ఆ రేవులో బతకాలని నిర్ణయించుకున్నాను.

ఆట ఆ నిషేధాన్ని ఆటగాడి మీద అమలుచేయదు. ఆర్గోనియన్ క్యారెక్టర్‌తో నగరద్వారం దగ్గరికి వెళ్లినా కావలివాళ్లు ఆపరు. కాబట్టి ఆ నియమాన్ని నేనే పెట్టుకున్నాను: రేవులోని మిగతావారికి లేని హక్కు నాకూ లేదు, ఊళ్లోకి వెళ్లను. దానితో నా బతుకంతా మారిపోయింది. కమ్మరి లోపల ఉన్నాడు, మందుల దుకాణం లోపల ఉంది, సంత లోపల ఉంది. నాకు మిగిలింది నీళ్లు. ఆర్గోనియన్లు నీటి అడుగున కూడా ఊపిరి పీల్చుకోగలరు. ఇతర జాతులతో ఆడినప్పుడు నేను ఈత కొట్టి దాటేసిన నది, ఈసారి నా పొలం అయింది. అడుగున మునిగి ఉన్న ఓడల చెక్కలకు అంటుకున్న గుల్లలు ఏరడం, చేపలు పట్టడం, కరిచే చేపలు ఏ మలుపులో తిరుగుతాయో గుర్తుపెట్టుకోవడం, పోగైనదాన్ని మోసుకుని దక్షిణాన ఉన్న కైన్స్‌గ్రోవ్ అనే గని గ్రామానికి నడిచి, అక్కడి సత్రం యజమానురాలికి అమ్ముకోవడం, అదే సత్రంలో 10 నాణేలకు గది తీసుకుని ఆ రాత్రి పడుకోవడం, ఇదీ దినచర్య. గోదావరి పాయల మధ్య, చేపల చెరువుల గట్ల మీద తిరిగి పెరిగిన నాకు ఈ దినచర్యలో విసుగు అనేది తోచలేదు. పైగా చెరువు పనులకు దూరప్రాంతాల నుంచి వచ్చి, గట్టు మీద వేసుకున్న చిన్న పాకల్లో ఉండే కుటుంబాలను చూస్తూ ఉంటాను కాబట్టి, ఊరి బయట బతకడం అన్నమాట నాకు ఆటలోది మాత్రమేగా అనిపించలేదు.

రేవులో స్కౌట్స్ మెనీ మార్షెస్ అనే పెద్దమనిషి తరహా ఆర్గోనియన్ ఒకడుంటాడు. కూలి గురించి టోర్బ్‌యార్న్‌తో మాట్లాడిపెట్టమని అతను అడుగుతాడు. నార్డ్ వీరుడికి అది జర్నల్‌లో, అంటే ఆటలోని పనుల చిట్టాలో, ఒక చిన్న పంక్తి. ఈసారి మాత్రం, ఆ పని ఒప్పుకోవాలంటే నా నియమం దాటి కోట లోపలికి అడుగుపెట్టాలి. చాలాసేపు ఆలోచించి, నా క్యారెక్టర్ చేత ఆ పెద్ద వంతెన మీదుగా నడిపించాను. ద్వారం దాటగానే ఏం జరుగుతుందో ఈ ఆట ఆడినవారందరికీ తెలుసు: రాల్ఫ్ స్టోన్‌ఫిస్ట్ అనే నార్డ్ ఒక నల్ల ఎల్ఫ్ స్త్రీని నిలబెట్టి, మీ జాతివాళ్లంతా గూఢచారులని తిడుతూ ఉంటాడు. ఆ స్త్రీ పేరు సువారిస్ అథెరాన్. ఆ దృశ్యాన్ని అంతకుముందు ఎన్నిసార్లు చూశానో, ప్రతిసారీ ఆమె నాకు ముక్కూమొహం తెలియని ఒక బాధితురాలే. ఈసారి ఆమెను చూడగానే గుర్తుపట్టాను. ఆమె రేవులో షాటర్‌షీల్డ్ వాళ్ల కార్యాలయంలో పనిచేసే మనిషి. నేను మూటల మధ్య తిరుగుతుండగా రోజూ కనబడే మనిషి. ఆర్గోనియన్లకు తక్కువ కూలి ఇచ్చే ఇంటి తరఫున లెక్కలు చూసే ఆమే, ఇక్కడ వీధి మధ్యలో నిలబడి మాటలు పడుతోంది. ఆట తయారుచేసినవారు ఈ రెండు సంగతులనూ ఎప్పుడో అక్కడ పెట్టి ఉంచారు. నేను కింద నుంచి నడుచుకుంటూ వచ్చినప్పుడు గానీ అవి రెండూ నాకు ఒకచోట కలవలేదు.

కాబట్టి నా మొదటి సలహా ఇదే: నియమం పెట్టుకుంటే అది ఆట లోకంలోంచే పుట్టాలి. 'ఈసారి కవచం వాడను' అన్నది పందెం లాంటి నియమం. రెండు రోజులకు దాని అర్థం ఆవిరైపోతుంది. 'ఈ నగరం నన్ను రానివ్వదు', 'ఈ గుడిలో మొక్కుకున్నాను కాబట్టి నిద్రపోతున్నవాణ్ని చంపను', 'మా అన్న సామ్రాజ్య సైన్యంలో ఉన్నాడు కాబట్టి ఆ సైనికుల మీద చేయి ఎత్తను' లాంటి నియమాలు కథను పుట్టిస్తాయి. ఎక్కడ ఆ నియమం ఇరుకున పెడుతుందో అక్కడే మనం మొదటిసారి ఆడుతున్నట్టు ఆగి ఆలోచిస్తాం.

ఒకే క్యారెక్టర్‌తో అన్నీ చేయకపోవడం కూడా ఇందులో భాగమే. స్కైరిమ్ మన చేయి పట్టుకుని ఆపదు. ఒకే మనిషి కంపానియన్స్ అనే యోధుల దళానికి నాయకుడు, వింటర్‌హోల్డ్ మంత్ర కళాశాలకు అధిపతి, రిఫ్టెన్ దొంగల ముఠాకు పెద్ద, హంతకుల సంఘంలో ముఖ్యుడు కావచ్చు. పెద్దగా మంత్రాలు రాకుండానే ఆ కళాశాలకు అధిపతి అయిపోవచ్చు కూడా. అన్నిటికీ పెద్ద అయినవాడికి చివరికి ఏ ఊళ్లోనూ సొంత మనుషులుండరు. ఒక్కో క్యారెక్టర్‌కు ఒక్క సంఘం చాలు. మిగిలినవి మరొక వేసవి కోసం ఉంచుకుంటే, వాటి కథలు కొంత మరుపున పడి, తిరిగి వెళ్లినప్పుడు నిజంగానే కొత్తగా కనిపిస్తాయి.

ఇక దారుల సంగతి. ఆటలో తెర పైభాగాన ఒక దిక్సూచి ఉంటుంది, దాని మీద వెళ్లవలసిన చోటుకు బాణం గుర్తు ఉంటుంది. మ్యాపులో ఒకసారి చూసిన ఊరి మీద నొక్కితే క్షణంలో అక్కడ వాలిపోతాం. మొదటిసారి ఆడేవారికి ఇవి ఉపకారం చేస్తాయి. తిరిగి ఆడేవారికి ఇంతకు మించిన అపకారం లేదని నా గట్టి నమ్మకం, ఎందుకంటే దారి అంతా తీసేస్తే మిగిలేది మనకు ముందే తెలిసిన గమ్యం ఒక్కటే. సెట్టింగ్‌లలో ఈ గుర్తుల గాఢతను పూర్తిగా తగ్గించవచ్చు. అప్పుడు కూడళ్లలో ఉన్న చెక్క దారిపలకలు చదువుకుంటూ, కొండ ఆకారం చూసి దిక్కు తెలుసుకుంటూ నడవాలి. ఇక్కడ ఒక లోపం ఉన్నమాట ఒప్పుకోవాలి. ఇదే వరుసలో 2002లో వచ్చిన 'మారోవిండ్'లో మనుషులు దారి మాటలతో చెప్పేవారు, ఏ వంతెన దాటి ఎటు తిరగాలో జర్నల్‌లో ఉండేది. స్కైరిమ్‌లో చాలామంది మ్యాపు మీద గుర్తు పెట్టి ఊరుకుంటారు. అందుకని నేను పని ఒప్పుకున్నాక మ్యాపును ఒక్కసారి మాత్రం చూసి, తోవ మనసులో పెట్టుకుని, తరువాత దాన్ని ముట్టుకోను. దారి తప్పితే అక్కడ కనిపించినవారిదే ఆ రోజు కథ.

ఊళ్ల మధ్య వెళ్లడానికి ఆటలోనే బళ్లు ఉన్నాయి. పెద్ద నగరాల గుర్రపుశాలల దగ్గర 20 నుంచి 50 నాణేలు ఇస్తే ఎక్కించుకుంటారు. 2012లో వచ్చిన 'డాన్‌గార్డ్' అనే అనుబంధం తరువాత సాలిట్యూడ్, డాన్‌స్టార్, విండ్‌హెల్మ్ రేవుల మధ్య పడవలు కూడా నడుస్తాయి. నరసాపురం రేవులో సఖినేటిపల్లి పంటు కోసం ఎదురుచూసిన అలవాటు ఉన్నవారికి ఆ పడవవాడితో బేరం చాలా సొంతంగా అనిపిస్తుంది.

ప్రయాణాలకు ప్రాణం పోసింది మాత్రం సర్వైవల్ మోడ్. 2021 నవంబరులో, ఆట పదేళ్ల సందర్భంగా, ఆటకు మెరుగుపరచిన రూపమైన స్పెషల్ ఎడిషన్ ఉన్నవారందరికీ దీన్ని చేపలు పట్టే సదుపాయంతో పాటు ఉచితంగా ఇచ్చారు. ఇందులో ఆకలి, నిద్ర, చలి మూడూ మనల్ని పట్టి ఉంటాయి. గాయాలు వాటంతటవి మానవు. క్షణంలో ఊళ్లు దాటే వీలు పోతుంది. మోయగల బరువు తగ్గుతుంది, పక్క మీద పడుకుంటే గానీ లెవెల్ పెరగదు. మా ప్రాంతంలో చలి అంటే ధనుర్మాసంలో తెల్లవారుజామున కొబ్బరితోటల మీద కమ్మే పొగమంచు, మహా అయితే ఒక దుప్పటి. డాన్‌స్టార్ నుంచి వింటర్‌హోల్డ్‌కు మంచుతుఫానులో నడుస్తూ, చలి ముదిరేకొద్దీ ప్రాణశక్తి గీత కొంచెం కొంచెంగా మూసుకుపోవడం చూసినప్పుడు, ఆ రెండు ఊళ్ల మధ్య ఇంత దూరం ఉందని నాకు మొదటిసారి తెలిసింది. డాలు పక్కన పెట్టి వెచ్చదనం కోసం కాగడా పట్టుకోవాలా, శత్రువు వస్తే చలికి ఓర్చుకుని డాలు పట్టుకోవాలా అన్న చిన్న ప్రశ్నే పెద్ద పోరాటం అవుతుంది. ఒక గిన్నెడు వేడి సూప్‌కు ఉన్న విలువ అంతవరకూ దొరికిన ఏ మంత్రఖడ్గానికీ లేదు. ఏళ్ల తరబడి కుండల్లో, పీపాల్లో కనబడితే పట్టించుకోకుండా వదిలేసిన క్యాబేజీలు, బంగాళాదుంపలు ఒక్కసారిగా నిధులైపోయాయి.

డ్రాగన్లు లేకుండా ఆడవచ్చన్న సంగతి చాలామందికి తట్టదు. ఆట ఆరంభంలో హెల్గెన్ ఊరిని డ్రాగన్ తగులబెట్టాక, ఆ వార్తను వైట్‌రన్ పాలకుడు బాల్‌గ్రూఫ్‌కు చేరవేయమంటారు. అక్కడి నుంచి కథ సాగి, నగరం బయటి పశ్చిమ కావలిబురుజు దగ్గర మొదటి డ్రాగన్‌ను చంపిన తరువాతే మిగిలిన డ్రాగన్లు ఆకాశంలో తిరగడం మొదలవుతుంది. ఆ వార్త చేరవేయకపోతే డ్రాగన్లు రావు. మన క్యారెక్టర్ ఎవరూ ఎదురుచూడని, ఏ జోస్యమూ చెప్పని మామూలు మనిషిగా మిగిలిపోతాడు. ఈ ఆటలో నాకు అత్యంత ఇష్టమైన వాతావరణం ఇదే. యుద్ధం నడుస్తూ ఉంటుంది, ఊళ్లలో పంటల గురించి, పన్నుల గురించి, సైన్యంలోకి వెళ్లిన కొడుకుల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. లోకాన్ని కాపాడవలసిన తొందర లేదు కాబట్టి వాళ్ల మాటలు పూర్తిగా వినే ఓపిక వస్తుంది.

ఆ ఓపికతో ఒకసారి వైట్‌రన్ సంతలో ఆటలోని ఒక రోజంతా గడిపి చూడమని చెబుతాను. మామూలు వేగంలో ఆటలోని 24 గంటలు మన 72 నిమిషాలకు సమానం. పొద్దున్నే కార్లోటా తన పండ్ల బల్ల దగ్గరికి వస్తుంది. ఆమె చిన్న కూతురు మీలా ఆ చుట్టుపక్కలే తిరుగుతూ ఉంటుంది. పైన విగ్రహం ముందు హైమ్‌స్కర్ గొంతు చించుకుని ఉపన్యాసం ఇస్తుంటాడు. సాయంత్రం అయ్యేసరికి ఒక్కొక్కరే సత్రం వైపు మళ్లుతారు. ఇంత ప్రేమతో ఏర్పరచిన దినచర్యలను పరుగెత్తుకుంటూ దాటిపోవడం అన్యాయమనిపిస్తుంది.

మోడ్‌ల గురించి రాయకుండా ఈ విషయం పూర్తికాదు, అయితే ఇక్కడ నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. నెక్సస్ మోడ్స్ లాంటి చోట్ల అభిమానులు తయారుచేసి ఉచితంగా పెట్టిన మార్పులు వేలకొద్దీ ఉన్నాయి, వాటివల్లే ఈ ఆట ఇన్నేళ్లు బతికింది. కానీ కొత్తదనం కోసం వందల మోడ్‌లు ఒకేసారి ఎక్కించుకునేవారు చివరికి ఆటకన్నా ఆ మోడ్‌ల మధ్య తగవులు తీర్చడంలోనే సెలవులన్నీ గడుపుతారు. నా పద్ధతి ఇది: క్యారెక్టర్‌ను ముందు నిర్ణయించుకుని, ఆ మనిషి కథకు ఏది లేకపోతే జరగదో ఆ మోడ్‌లు మాత్రమే తీసుకుంటాను. ఆట మధ్యలో కొత్తవి చేర్చను, ఉన్నవి తీసేయను. మోడ్ తీసేసినా దాని స్క్రిప్టులు సేవ్ ఫైల్‌లో మిగిలిపోయి, ఎన్నో గంటల తరువాత ఆటను కూల్చే ప్రమాదం ఉంది. అందరికీ చెప్పదగిన మోడ్ ఒక్కటే అయితే 'ఆల్టర్నేట్ స్టార్ట్: లివ్ అనదర్ లైఫ్' పేరు చెబుతాను. అది మనల్ని ఖైదీల బండి మీద హెల్గెన్‌కు తీసుకుపోయే ఆరంభానికి బదులు ఒక చెరసాల గదిలో నిలబెట్టి, అక్కడి దేవతా విగ్రహం ద్వారా ఏ జీవితం కావాలో ఎంచుకోమంటుంది. ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చినవాడిగా, అడవిలో వేటగాడిగా, సత్రంలో దిగిన బాటసారిగా మొదలుపెట్టవచ్చు. కథను మనిషి నుంచి మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి సాయం లేదు.

పూర్తిగా వేరే లోకం కావాలనిపిస్తే, సురేఐ అనే జర్మన్ బృందం 2016లో ఇదే ఇంజిన్ మీద నిర్మించిన 'ఎండెరల్' ఉంది. స్కైరిమ్ ఉన్నవారికి అది ఉచితం. చాలా బరువైన, దుఃఖం నిండిన కథ. దాన్ని ఆడి తిరిగి వచ్చాక స్కైరిమ్ ఇల్లు చేరినట్టు అనిపిస్తుంది.

2012లోనే వచ్చిన 'హార్త్‌ఫైర్' అనే మరో అనుబంధంతో మూడు చోట్ల భూమి కొని ఇల్లు కట్టుకోవచ్చు. వాటిలో ఉత్తరాన, మోర్తాల్ దాటిన ఉప్పు చిత్తడిలో ఉన్న విండ్‌స్టాడ్ మేనర్ చాలామందికి నచ్చదు. చీకటిగా, తడిగా, పొగమంచుతో ఉంటుందంటారు. ఆ మూడింటిలో తేనెటీగల పెంపకం ఒక చోట, పిండిమర మరొక చోట ఉంటే, చేపపిల్లల పెంపకం ఉన్నది విండ్‌స్టాడ్‌లో మాత్రమే. భీమవరం చుట్టుపక్కల చెరువులు చూసిన మనలాంటివారు ఇంకెక్కడ స్థిరపడతారు?

చివరగా, క్యారెక్టర్‌ను ముగించడం కూడా నేర్చుకోవాలి. స్కైరిమ్ తనంతట తాను ముగియదు. ప్రధాన కథ అయిపోయినా చిన్నచిన్న పనులు ఒకదాని తరువాత ఒకటి పుట్టిస్తూనే ఉంటుంది. చేయవలసినవి చేసేసిన మనిషిని ఇంకా తిప్పుతూ ఉంటే మన విసుగంతా ఆ లోకం మీదికి పోతుంది. అందుకని ప్రతి క్యారెక్టర్‌కూ మొదట్లోనే ఒక కోరిక ఇస్తాను, అది తీరినప్పుడు అతన్ని విశ్రాంతికి పంపుతాను. ఆర్గోనియన్ కోరిక రేవులో అందరికీ సమానమైన కూలి. టోర్బ్‌యార్న్‌ను మాటతో ఒప్పించి, ఆ వార్త స్కౌట్స్ మెనీ మార్షెస్‌కు చెప్పాక, మరికొంతకాలానికి అతన్ని విండ్‌స్టాడ్‌లో చేపల తొట్టి పక్కన స్థిరపరచి ఆ సేవ్ ఫైల్‌ను వేరే ఫోల్డర్‌లో దాచాను. ఒక్కో క్యారెక్టర్‌కు ఒక నోటుపుస్తకంలో తెలుగులో డైరీ రాస్తాను. ఏ రోజు ఎక్కడ పడుకున్నాడు, ఎవరు తిట్టారు, ఎవరు అన్నం పెట్టారు అన్న నాలుగు ముక్కలే. కొత్త మనిషి మొదలైనప్పుడు పాతవాడి డైరీ ఒకసారి చదువుకుంటే, ఈసారి ఏ దారిలో వెళ్లకూడదో తెలుస్తుంది.

సార్వా ఊడ్పులు మొదలయ్యాక ఆటను పూర్తిగా పక్కన పెట్టేస్తాను. నెలల తరబడి ముట్టుకోను, వీడియోలు చూడను, చర్చలు చదవను. ఆ విరామం లేకపోతే పైన చెప్పిన పద్ధతులన్నీ కలిసినా సగమే పనిచేస్తాయి.

వచ్చే వేసవికి ఒక వైద్యురాలిని అనుకుంటున్నాను. ఫాల్క్‌రీత్ అడవుల్లో మూలికలు ఏరుకుని బతికే మనిషి, ఆయుధం పట్టదు. ఈ ఆటలో ప్రతి మూలికకు నాలుగు గుణాలు ఉంటాయి, కొరికి చూస్తే మొదటిది తెలుస్తుంది, మిగిలినవి కలిపి చూస్తేనే తెలుస్తాయి. నాకు అవి చాలావరకు తెలుసు. ఆమెకు ఒక్కటీ తెలియదు. కాబట్టి ఆమె తన చేతులతో కలిపి చూసి, డైరీలో రాసుకున్న మందునే వాడాలన్న నియమం వరకు తేల్చుకున్నాను. తోడేలు మీదికి వచ్చినప్పుడు ఏం చేస్తుందన్నది మాత్రం ఇంకా ఆలోచిస్తున్నాను.